ఏడో మూల దగ్గర మా పెద్దబాపు

మా పెద్దబాపు, అంటే మా పెదనాన్న, పోయాడన్న వార్త నాకు కాకతీయుల చెరువుల గురించి పాఠం చెబుతుండగా అందింది. అందింది అనడం మర్యాద కోసం. బాపు నాలుగుసార్లు ఫోన్ చేశాడు, నేను నాలుగుసార్లూ కట్ చేశాను. ఐదోసారి మోగితే వెనక బెంచీలోంచి ఒక పిల్ల "ఎత్తుండ్రి సార్, మేమేం అనుకోం" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వుతూనే ఎత్తాను.

"నవ్వుతానవారా?" అన్నాడు బాపు అటునుంచి. తర్వాత, "పెద్దబాపు పాయెరా. దవాఖానకు రా" అన్నాడు.

పద్దెనిమిది రోజులైంది. ఇలాంటి స్మృతి వ్యాసాల్లో పోయినవారు విధిగా అజాతశత్రువులై ఉంటారు. నేను చదివినవాటిలో ఒక్కరికి కూడా ఒక్క శత్రువు లేడు. మా పెద్దబాపుకు ఉన్నారు. మా వాడకట్టులోనే ముగ్గురు. ముగ్గురూ తమ ఇళ్లలో శుభకార్యాలకు మిషన్ కార్పెట్లు అద్దెకు తెచ్చి పరిచిన నేరస్తులు. పెద్దబాపు జంపఖానలు నేసేవాడు. పెళ్లి పందిళ్లలో, మీటింగుల్లో జనం కూర్చోవడానికి పరుస్తారే, ఆ మందపాటి నూలు జంపఖానలు. నలభై ఏళ్లకు పైగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆయనకు పద్మశ్రీ రాలేదు, కనీసం మా వాడ గణేష్ మండపంలో శాలువా కూడా కప్పలేదు. కప్పబోతే తిప్పి చూసి వద్దన్నాడని ఒక కథనం. నేను ఆ రోజు లేను కాబట్టి చరిత్ర అధ్యాపకుడిగా దాన్ని ధ్రువీకరించలేను.

తిప్పి చూడడం ఆయన జబ్బు. బట్ట కనబడితే చాలు, వెనక్కి తిప్పాల్సిందే. "ముందట అందరు మంచిగనే కనవడ్తరురా, ఎనక చూడు" అనేవాడు. రెండో జబ్బు మూలలు. నేత అయిపోయాక జంపఖానను మడతపెట్టి నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి పెడతారు. వేలెడు తేడా వచ్చినా ఆ పూట ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు. "నడుమల ఎవడైనా నేస్తడు. మూల కాడ దొరికిపోతరు" అని ఆయన మాట.

ఒకసారి మా బంధువుల పెళ్లిలో వరపూజ జరుగుతోంది. పెళ్లికొడుకు తండ్రి జంపఖాన మీద ఒక మూలన బాసింపట్టు వేసుకుని మహారాజులా కూర్చున్నాడు. పెద్దబాపు వెళ్లి ఆయన ముందు వంగాడు. నమస్కారం పెడుతున్నాడనుకున్నారంతా.

"బావా, జర లేవుండ్రి."

"ఎందుకు బావా?"

"మీ కింద మూల మడత పడ్డది."

"లేస్తే మళ్ల కూసునుడు కష్టం బావా, నాకు మోకాళ్ల నొప్పులు."

"కూసోకుండ్రి. కుర్సీ ఏపిస్త. మూల నలుగుతాంది."

ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఈ మనిషి పెండ్లికి రాలే. తనిఖీకి వచ్చిండు." వరపూజ నవ్వుల్లో కొట్టుకుపోయింది. పెద్దబాపు మాత్రం నవ్వలేదు. ఆ మూలను అరచేత్తో రెండుసార్లు నిమిరి, చదును చేసి, అప్పుడు తన చోటికి వెళ్లాడు.

వాళ్లకు పిల్లలు లేరు. ఆ కొరతంతా నా మీద తీర్చుకున్నారు. నా అల్లరికి బాపు కొట్టబోతే పెద్దబాపు మగ్గం గుంట నాకు బంకర్. నా జోకులకు మొదటి శ్రోత కూడా ఆయనే. నవ్వేవాడు కాదు, తిప్పి చూసేవాడు. "మళ్ల చెప్పు. ఆడ ఏదో పోగు తెగింది" అనేవాడు. రెండోసారి చెబితే నిజంగానే తెగి ఉండేది.

మొన్న దసరా అయ్యాక మా వాడవాళ్లు ఇరవైమందిదాకా ఉత్తరాది యాత్రకు బయల్దేరారు. నైనితాల్, భీమ్‌తాల్, ఆ చుట్టుపక్కల కొండల మధ్య సరస్సులు. అడిగింది పెద్దమ్మ. పెళ్లైన నాటి నుంచి మగ్గానికి నూలు కండెలు చుడుతూ, మేడారం జాతర దాటి ఎరుగని మనిషి టీవీలో ఆ నీళ్లు చూసి, "ఒక్కసారి చూస్తె బాగుండు" అంది. ఆమె నోటి నుంచి "బాగుండు" అనే మాట రావడం మా ఇంట్లో అదే మొదటిసారి. పెద్దబాపు ఆ సాయంత్రమే ముగ్గురికి పేర్లు రాయించి వచ్చాడు. హిందీ వచ్చినవాడిగా, సంచులు మోయగలవాడిగా నన్ను కూడా తీసుకున్నారు.

"చెరువులు మనకు లేవా పెద్దబాపూ? పాకాల, రామప్ప, లక్నవరం. రెండు వేల కిలోమీటర్లు పోయి చెరువు చూసుడేంది?" అన్నాను.

"గవి రాజులు తవ్విచ్చినయిరా. గక్కడియి దేవుడు తవ్వినయట. పనితనం చూసొద్దాం."

రైల్లోనే తనిఖీ మొదలైంది. రైలు వాళ్లు ఇచ్చిన దుప్పటిని తిప్పి చూసి నిట్టూర్చాడు. నైనితాల్‌లో ఒక శాలువల కొట్టులో, "భయ్యా, యే హాత్ కా కామ్ నై" అని, అంటే ఇది చేతిపని కాదని, మన ఉర్దూలో తీర్పు చెప్పాడు. కొట్టతను నొచ్చుకున్నాడు. పక్కన కొంటున్న ఇద్దరు వదిలేసి వెళ్లిపోయారు. "నడువయ్యా, పరాయి ఊర్ల తన్నులు తినిపిస్తవ్" అని పెద్దమ్మ చేయి పట్టి లాక్కెళ్లింది. నేను వెనక సంచులతో, పీఠాధిపతుల వెంట శిష్యుడిలా.

కానీ పెద్దమ్మను చూడాల్సింది నీళ్ల దగ్గర. హోటల్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే చేతిలో చాయ చల్లారిపోయేది. కొండ నీడ నీళ్ల మీద ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు జరిగేదాకా లేచేది కాదు. "పెద్దమ్మా, టిఫిన్ అయిపోతది" అంటే, "పోనీతీ" అనేది. నాకు తెలిసిన పెద్దమ్మ ఎవరైనా ఒక్క ఇడ్లీ వదిలేస్తేనే ఊరుకోదు. పెద్దబాపు ఆమెను చూసి, నన్ను చూసి, కనుబొమ్మలెగరేసేవాడు, తానే ఆ సరస్సు నేసినట్టు.

నాలుగో రోజు నౌకుచియాతాల్ వెళ్లాం. పేరుకే తొమ్మిది మూలల సరస్సు. మా జీపు డ్రైవర్ చెప్పాడు, ఆ తొమ్మిది మూలలనూ ఒక్కచూపులో చూసినవాడికి మోక్షమట, ఇప్పటిదాకా ఎవరికీ కనబడలేదట. నేను పురాణ ప్రవచన ఫక్కీలో తెలుగులోకి మార్చి చెప్పాను. తక్కిన అందరూ చేతులు జోడించారు. పెద్దబాపు మాత్రం, "మోక్షం సంగతి మల్లా. ముందుగాల మూలలు తొమ్మిది ఉన్నయా లేవా? ఎవడన్న లెక్కవెట్టిండా?" అన్నాడు.

"ఒక్కచూపుల చూడాల్నట పెద్దబాపూ."

"ఒక్కచూపుల జంపఖాన మూలలే అంతువట్టయి. చుట్టు తిరగాలె."

పడవల కోసం మాకు రెండు గంటలు ఇచ్చారు. పెద్దమ్మ మోకాళ్లు సహకరించక పడవల రేవు దగ్గరే బెంచీ మీద కూర్చుంది, కాల్చిన మక్కకంకి చేతిలో, ఊరు నుంచి తెచ్చిన చిలకపచ్చ స్వెట్టర్‌తో. మేమిద్దరం సరస్సు చుట్టూ బయల్దేరాం. సరదా అనుకున్నాను. మోక్షం ఇంత దగ్గర్లో ఉంటుందని తెలిస్తే బూట్లు వేసుకొచ్చేవాణ్ణి అని కూడా అన్నాను.

ఆయన ఒక్కో మూల దగ్గర ఆగేవాడు. నీళ్లు లోపలికి తిరిగిన చోట నిలబడి, చూపుడువేలు గాల్లో తిప్పి, వేలు మడిచేవాడు. మూడో దాని దగ్గర పేచీ వచ్చింది. "ఇది మూల కాదు, వంపు" అన్నాడు. "దేవుడి పనికి వంక పెట్టకు" అన్నాను. మళ్లీ పది అడుగులు వెనక్కి వెళ్లి చూసి, "సరే, మూలనే" అని ఒప్పుకున్నాడు. ఐదో మూల తర్వాత మాటలు తగ్గాయి. కాలిబాట కాస్త ఎక్కుడుగా ఉంది. ఆరు అన్నప్పుడు నోటితో అనలేదు, వేలు మాత్రం మడిచాడు.

ఏడో మూల దగ్గర ఒక రాయి మీద కూర్చున్నాడు. కూర్చోవడం కాదది, ఒరగడం. ఆ చలిలో ఆయన మెడ మీద చెమట. ఎడమ చేయి బరువైనట్టు ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో ఛాతీని అదుముకున్నాడు.

"గ్యాస్ రా" అన్నాడు.

అది గ్యాస్ కాదని నాకు తెలుసు. ఈ వాక్యం రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను కాబట్టి ఇంకోసారి రాస్తాను. అది గ్యాస్ కాదని నాకు తెలుసు. కాలేజీలో అధ్యాపకులందరికీ ఒక రోజంతా గుండెపోటు లక్షణాల మీద బొమ్మలేసి చెప్పారు. నేను ఆ రోజు చెప్పినాయనను అనుకరించి స్టాఫ్‌రూమ్‌లో అందరినీ నవ్వించాను కూడా.

నీళ్ల సీసా ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు. "నేను పోయి జీపు తెస్త. కింద దవాఖానకు పోదాం. పెద్దమ్మకు చెప్త" అని లేచాను. నా చేయి పట్టుకున్నాడు. చేతి మీద గీతలన్నీ నూలు కోసిన గీతలే, గరుకుగా.

"ఆమెకు చెప్తివా, గీ క్షణం సంది నీళ్లు చూడదు. నన్నే చూస్తది. ఇంక రెండు రోజులే ఉన్నయి బిడ్డా. గా రెండు రోజులు చూడనియ్యి. ఇంటికి పోయినంక నేనే చూపిచ్చుకుంట. ఒట్టు."

అవతలి ఒడ్డున చిలకపచ్చ చుక్క లేచి నిలబడింది. మమ్మల్ని చూసినట్టుంది. పెద్దబాపు ఛాతీ మీది చేయి తీసి, పైకెత్తి, ఊపాడు. అవతల ఆ చుక్క కూడా చేయి ఊపింది. చేతిలో మక్కకంకి ఉన్నట్టుంది.

"మోక్షం ఇంక రెండు మూలల దూరంల ఉంది, ఇప్పుడే తొందరేంది పెద్దబాపూ" అన్నాను నేను. ఆయన నవ్వాడు. నా జోకుకు తిప్పి చూడకుండా నవ్విన సందర్భం అదొక్కటే.

పావుగంట తర్వాత లేచి ఎనిమిది, తొమ్మిది కూడా లెక్కపెట్టాడు. నేను వద్దన్నాను. గట్టిగా అన్నానా అంటే, లేదు. రేవు దగ్గరికి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, "తొమ్మిది ఉన్నయే. కాని ఒక్కటి ఇంకోదానితోని కలువదు. మా జంపఖానలు కొనే సేటైతే వాపసు పంపుతుండె" అన్నాడు. ఆమె కంకిలో సగం విరిచి ఇచ్చింది. తిన్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

వరంగల్ వచ్చాక చూపించుకున్నాడా? మగ్గం మీద ఒక పెద్ద జంపఖాన సగంలో ఉంది. "ఇది మగ్గం దిగనియ్యి" అన్నాడు. నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఎలా అడిగానో చెప్పుకోవాలి. "ఏం పెద్దబాపూ, మోక్షానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నవా?" అని ఒకసారి. "డాక్టర్ ఎనకకు తిప్పి చూస్తడని భయమా?" అని ఒకసారి. మూడోది ఇక్కడ రాయను. నేను వేళాకోళంగా అడిగాను గనుక ఆయన వేళాకోళంగా తప్పించుకున్నాడు. ఇద్దరికీ అదే సుఖంగా ఉంది. ముఖం మామూలుగా పెట్టి, "పెద్దబాపూ, నాకు భయమైతాంది, నడువు" అని ఒక్కసారి అని ఉంటే ఆయన కాదనలేకపోయేవాడు. ఎందుకంటే ఆ మాట నా నోట ఆయన ఎప్పుడూ వినలేదు. అది నా దగ్గర ఉండి కూడా నేను వాడలేదు.

మూడో వారంలో ఒక పొద్దున, ఆ జంపఖాన ఇంకా మూరెడు మిగిలి ఉండగా, మగ్గం మీదే ముందుకు ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేసరికే అయిపోయింది. నేను చేరేటప్పటికి డ్యూటీ డాక్టరమ్మ కాగితం రాస్తూ అడుగుతోంది. "ఇంతకుముందు ఎప్పుడైనా నొప్పి వచ్చిందా?"

"లేదు మేడం. ఒక్కనాడు లేదు. నెల కింద కొండలెక్కి వచ్చిండు" అంది పెద్దమ్మ.

నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ కాగితం మీద నొప్పి లేదని రాశారు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ పెద్దమ్మ అదే చెప్పింది. "యాత్రల ఎంత హుషారుగ ఉండె అక్కా! చెరువు చుట్టు తిరిగిండు. అవతలి ఒడ్డు సంది నాకు చెయ్యి ఊపిండు, పడుచుపోరని లెక్క. ఏ బాధ లేకుండ పోయిండు, గదే సాలు." రోజుకు పదిసార్లు. నేను వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, నీళ్లిస్తూ పదిసార్లూ విన్నాను. ఆమెకు నిలబడ్డానికి ఆ చెయ్యి ఒక్కటే ఆసరా అని తెలుస్తూనే ఉంది. చెబితే అది లాక్కున్నట్టు. చెప్పకపోతే, ఏడో మూల దగ్గర రెండు రోజులకని మొదలైన అబద్ధాన్ని ఆమె బతికినన్నాళ్లూ నడిపించాలి. ఆయన నాతో రెండు రోజులే అన్నాడు. బతుకంతా దాచమనలేదు.

పదకొండోరోజు కార్యం అయిన మరునాడు చెప్పాను. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె కడిగిన గచ్చు మీద కూర్చుని ఉంది. జోకు లేకుండా మొదలుపెట్టడం నాకు అలవాటు లేదు, అందుకని చాలాసేపు పట్టింది.

విని, మొదట "ఎన్ని గంటలకు?" అంది.

"పదకొండున్నర అయితుండొచ్చు."

"నువ్వెందుకు చెప్పలే?"

"చెప్పద్దన్నడు పెద్దమ్మా."

"ఆయన అంటడు. ఆయనకేం ఎరుక. గన్ని సదువులు సదివినవు, నీకు లేదారా తెలివి?"



మళ్లీ తనే, "చెయ్యి ఊపిండు గదరా" అంది.

"ఊపిండు."

"నన్ను పిలిచిండా?"

"లేదు పెద్దమ్మా. నువ్వు ఫికర్ చెయ్యొద్దని ఊపిండు."

"నీకెట్ల ఎరుక?"

ఔను, నాకెలా తెలుసు? ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ ప్రశ్నే. ఆయన ముఖం అటు తిరిగి ఉంది. నేను చూసింది చేతిని మాత్రమే.

ఆమె తిట్టలేదు. నన్ను క్షమించిందని కూడా అనుకోవడం లేదు. "నీళ్లు తాగిండా? ఎన్ని గుక్కలు? చెప్పులు ఇడిసిండా? నా పేరు తీసిండా?" అని ఒక్కొక్కటే అడిగింది. నేను ఒక్కొక్కటే చెప్పాను. "గా గంట నాది. నువ్వు దాసుకున్నవ్" అంది ఒకసారి, కోపంగా కాదు, అప్పుడే కనిపెట్టినట్టు. తర్వాత లేచి వెళ్లి, పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గియ్యి. ఆడ ఎట్లుండె?"

గచ్చు మీద గీశాను. ఒడ్డు లోపలికి తిరిగిన చోటల్లా తిప్పుతూ, తప్పయితే చెరుపుతూ, తొమ్మిది మూలలూ. ఆమె వంగి చూస్తోంది.

"ఏడ కూసున్నడు?"

ఒక చుక్క పెట్టాను.

"నేను?"

రేవు దగ్గర ఇంకొకటి పెట్టాను.

ఆమె రెండు చుక్కల వైపూ చూసింది. బొటనవేలు ఒకదాని మీద ఆనించి, చేయి చాపి, చిటికెనవేలిని రెండోదాని దాకా తీసుకెళ్లింది. సరిగ్గా అందింది.

"గింతేనారా?" అంది.

చేయి తియ్యలేదు. వేళ్ల కింద నీళ్లుండాల్సిన చోటంతా ఖాళీ గచ్చు.